కాలేజీ కాగితాలు చదవడం నేర్చుకుందాం

 

పోయిన సంచికలో 8వ తరగతి చెల్లెలు దోమల గురించి, మలేరియా గురించి చాలా బాగా రాసింది. ఈసారి నేను ఇంకో సంగతి రాస్తున్నాను. పదో తరగతి అయినాక మనం కాలేజీకి పోతాం కదా, అక్కడి నియమాలు ఏమిటి, అక్కడ ఇచ్చే సర్టిఫికెట్లకు అర్థం ఏమిటి అన్నది నా వ్యాసం. ఇందులో కథ లేదు, పాట లేదు. అయినా చివరిదాకా చదవండి, ఎందుకంటే ఇది మన అందరి సీటు సంగతి.

మనలో చాలామంది ఇండ్లలో చదువుకున్న మొదటి మనిషి మనమే. ఏ కాగితం తీసుకుపోయినా అమ్మ, నాయన వేలిముద్ర వేస్తారు గానీ అందులో ఏం రాసి ఉందో చెప్పలేరు. అది వాళ్ళ తప్పు కాదు. అయితే ఆ కాగితంలో ఒక్క గీత తప్పుంటే సీటు పోయేది మనకే. కాబట్టి చదవాల్సింది కూడా మనమే.

కమ్యూనిటీ కాలేజీ అంటే ఏమిటి?

ఈ మాట ఇంగ్లీషు పుస్తకాలలో తరచుగా వస్తుంది. కమ్యూనిటీ అంటే మన దగ్గర కులం సర్టిఫికెట్ గుర్తుకొస్తుంది కదా! కానీ ఇది ఒక కులానికి పెట్టిన కాలేజీ కాదు. ఒక ఊరిలో, ఆ చుట్టుపక్కల ఉండే వాళ్ళందరి కోసం పెట్టిన కాలేజీ అని అర్థం. అమెరికాలో ఇవి చాలా ఉన్నాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1901లో మొదలైన జోలియట్ జూనియర్ కాలేజీ వీటిలో అన్నిటికన్నా పాతది. అక్కడ రెండేళ్ళు చదివితే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. దానికి దాదాపు 60 క్రెడిట్లు కావాలి. ఆ క్రెడిట్లు పట్టుకొని పెద్ద యూనివర్సిటీకి పోతే, వాళ్ళు ఒప్పుకున్నంత వరకు, మళ్ళీ మొదటి నుంచి కాకుండా మూడో సంవత్సరం నుంచి చదవవచ్చు. ఫీజు తక్కువ కాబట్టి పేదవాళ్ళు, పని చేసుకుంటూ చదివేవాళ్ళు ఎక్కువగా ఇందులో చేరుతారు.

మన దేశంలో 1995లో పాండిచ్చేరి యూనివర్సిటీ మొదటి కమ్యూనిటీ కాలేజీ పెట్టింది. యూజీసీ, అంటే దేశంలోని యూనివర్సిటీలను చూసే సంఘం, 2013-14లో ఇట్లాంటి కోర్సుల కోసం ఒక పథకం తెచ్చింది. మన తెలంగాణలో ఆ పేరు ఎక్కువగా వినపడదు. కానీ ఆ పని చేసే చదువులు మన దగ్గర వేరే పేర్లతో ఉన్నాయి.

మన దగ్గర ఉన్న దారులు

1. ఇంటర్మీడియట్. రెండేళ్ళు. ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి. లాంటి గ్రూపులు. ఇంకా ఒకేషనల్ కోర్సులు కూడా ఉన్నాయి. ఒకేషనల్ చదివిన వాళ్ళు సైన్సు డిగ్రీకో ఇంజనీరింగుకో పోవాలంటే బ్రిడ్జి కోర్సు రాయాలి. ఈ సంగతి చేరేటప్పుడే తెలుసుకోవాలి.

2. పాలిటెక్నిక్. పదో తరగతి తరువాత పాలిసెట్ రాస్తే మూడేళ్ళ డిప్లొమా. మన సికింద్రాబాద్‌లోనే ఈస్ట్ మారేడ్‌పల్లిలో గవర్నమెంట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ ఉంది. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. అమెరికాలో క్రెడిట్లు పట్టుకొని పై కాలేజీకి పోయినట్టే ఇది కూడా.

3. ఐ.టి.ఐ. ఒకటి రెండేళ్ళలో చేతిపని నేర్పి సర్టిఫికెట్ ఇస్తారు.

4. దూరవిద్య. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో 1982లో మొదలైంది. మన దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ ఇదే. బడి మానేసిన వాళ్ళకు ఓపెన్ స్కూల్ ద్వారా పది, ఇంటర్ రాసే వీలు ఉంది. మీ ఊళ్ళో బడి మానేసిన అక్కలు ఉంటే ఈ మాట చెప్పండి.

ఇంటర్ తరువాత డిగ్రీలో చేరాలంటే 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ఉంది. ఒక్క దరఖాస్తుతో చాలా కాలేజీలకు పేరు పెట్టుకోవచ్చు. కాలేజీ కాలేజీకి తిరిగే పని తప్పింది.

క్రెడిట్ అంటే ఏమిటి?

డిగ్రీలో మార్కులతో పాటు క్రెడిట్లు ఉంటాయి. మన రాష్ట్రంలోని యూనివర్సిటీలలో డిగ్రీకి ఈ పద్ధతి 2016 నుంచి వచ్చింది. చాలామంది అక్కలు ఇక్కడే తికమక పడుతున్నారు.

ధాన్యం కొలిచేటప్పుడు రెండు విషయాలు చూస్తారు. ఎన్ని కుంచాలు అయినయి అని ఒకటి. గింజ గట్టిగా ఉందా, తాలు ఉందా అని ఇంకొకటి. క్రెడిట్ అంటే కుంచాల లెక్క, అంటే ఎంత చదివాం అని. గ్రేడు అంటే గింజ లెక్క, అంటే ఎంత బాగా చదివాం అని.

వారానికి ఒక గంట పాఠం చొప్పున ఒక సెమిస్టర్ అంతా చదివితే ఒక క్రెడిట్. సెమిస్టర్ అంటే ఆరు నెలలు అనుకోండి, అందులో పాఠాలు జరిగేది సుమారు 15 వారాలు. ప్రాక్టికల్ అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్. కాబట్టి 4 క్రెడిట్ల పేపరు అంటే వారానికి 4 గంటలు, మొత్తం సుమారు 60 గంటల పాఠం.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఒక అమ్మాయికి మూడు పేపర్లు ఉన్నాయి.

మొదటి పేపరు 5 క్రెడిట్లు, వచ్చిన గ్రేడు పాయింట్లు 8. గుణిస్తే 40.
రెండో పేపరు 5 క్రెడిట్లు, గ్రేడు పాయింట్లు 6. గుణిస్తే 30.
మూడో పేపరు 2 క్రెడిట్లు, గ్రేడు పాయింట్లు 10. గుణిస్తే 20.

అన్నీ కలిపితే 90. క్రెడిట్లు 12. భాగిస్తే 7.5 వస్తుంది. మామూలుగా 8, 6, 10 కూడి 3తో భాగిస్తే 8 వస్తుంది కదా, మరి అర పాయింటు ఎక్కడ పోయింది? 5 క్రెడిట్ల పేపర్‌లో 6 మాత్రమే వచ్చింది, అందుకని కిందికి గుంజింది. నీతి ఏమిటంటే, ఎక్కువ క్రెడిట్లు ఉన్న పేపరును ఎక్కువ సేపు చదవాలి. చిన్న పేపర్‌లో పదికి పది తెచ్చుకొని సంబరపడితే చాలదు.

2021లో యూజీసీ క్రెడిట్ల బ్యాంకు అని ఒకటి పెట్టింది. డబ్బులు కాదు, క్రెడిట్లు అందులో మన పేరు మీద జమ అవుతాయి. కాలేజీ మారినా, మధ్యలో ఆగినా చదివింది లెక్కలో ఉంటుంది. 2020 జాతీయ విద్యా విధానంలో, ఒక ఏడాది చదివి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా, మూడేళ్ళకు డిగ్రీ ఇవ్వాలని రాసి ఉంది. ఇది అన్ని కాలేజీలలో ఒకే తీరుగా లేదు. చేరే ముందు "మధ్యలో ఆగితే నా క్రెడిట్లు ఏమవుతాయి?" అని అడగండి. మన ఊళ్ళలో పెండ్లి పేరు చెప్పో, ఇంట్లో జబ్బు పేరు చెప్పో ఆడపిల్లల చదువు ఆపుతారు. అట్ల ఆగిన అమ్మాయికి మళ్ళీ వచ్చే దారి ఉందా లేదా అన్నది చిన్న ప్రశ్న కాదు.

హాజరు నియమం

ఇంటర్‌లోనూ డిగ్రీలోనూ 75 శాతం హాజరు ఉండాలి. కొంచెం తక్కువైతే ఫీజు కట్టించుకొనో, డాక్టరు సర్టిఫికెట్ చూసో ఒప్పుకునే పద్ధతి ఉంది. మరీ తక్కువైతే పరీక్ష రాయనివ్వరు.

75 శాతం అంటే రోజుల్లో ఎంత? కాలేజీ 220 రోజులు నడిచిందనుకుందాం. 165 రోజులు పోవాలి. అంటే 55 రోజులు మాత్రమే మానవచ్చు. 55 చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ మన లెక్క చూడండి. దండారికి పది రోజులు, నాగోబా జాతరకో మేడారానికో వారం, పత్తి ఏరడానికి రెండు వారాలు, జ్వరం వస్తే రెండు వారాలు, బస్సు దొరకక ఆలస్యం ఇంకో వారం. అయిపోయింది! పండుగ మానమని నేను చెప్పడం లేదు. పండుగ మనది. రోజులు లెక్క పెట్టుకొని పొమ్మంటున్నాను. జ్వరం వస్తే పి.హెచ్.సి. చీటీ పారేయకుండా దాచుకోవాలి.

ఈ-పాస్ స్కాలర్‌షిప్‌కు కూడా హాజరు చూస్తారు. హాజరు పోతే పరీక్షతో పాటు స్కాలర్‌షిప్ కూడా పోతుంది.

ఫెయిల్ అయితే?

ఫెయిల్ అయితే చదువు అయిపోయినట్టు కాదు. పదిలో, ఇంటర్‌లో సబ్జెక్టుకు 100కు 35 రావాలి (పదిలో హిందీకి మాత్రం 20 చాలు). రాకపోతే అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది. పాస్ అయితే ఏడాది పోదు. కానీ దానికి ఫీజు కట్టే ఆఖరి తేదీ చాలా తొందరగా వస్తుంది. రిజల్ట్ చూసి ఏడ్చుకుంటూ ఊరికి పోతే ఆ తేదీ దాటిపోతుంది. ముందు ఫీజు కట్టి తరువాత ఏడవండి. మార్కులు తప్పుగా వేశారని అనుమానం ఉంటే రీకౌంటింగ్ అడిగే హక్కు కూడా ఉంది. దానికీ తేదీ ఉంటుంది.

డిగ్రీలో పోయిన పేపరును బ్యాక్‌లాగ్ అంటారు. తరువాత సెమిస్టర్లు చదువుతూనే దాన్ని రాసుకోవచ్చు. అయితే పై సంవత్సరానికి పోవాలంటే ఇన్ని క్రెడిట్లు వచ్చి ఉండాలి అనే నియమం ఉంటుంది. యూనివర్సిటీని బట్టి అది మారుతుంది. చేరిన మొదటి నెలలోనే అడిగి నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

ఏ సర్టిఫికెట్ ఏం చెబుతుంది?

పదో తరగతి మెమో: పాస్ అయ్యాం అని చెబుతుంది. అంతకన్నా ముఖ్యం, మన పేరుకు, పుట్టిన తేదీకి బతికినన్నాళ్ళు ఇదే సాక్ష్యం.

టి.సి.: ఈ బడి వదిలి పోతున్నాం అని చెబుతుంది. కొత్త కాలేజీ వాళ్ళు ఇది తీసుకొని ఉంచుకుంటారు. ఇచ్చేముందు రెండు జిరాక్సులు తీయాలి.

స్టడీ సర్టిఫికెట్ లేక బోనఫైడ్: ఏ ఏడాది ఎక్కడ చదివామో చెబుతుంది. చాలామంది దీన్ని లెక్క చేయరు. కానీ కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకు ఇస్తారు. మనం స్థానికులమే అని చూపించేది ఇదే. ఉద్యోగాలకు 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ ఎక్కువ చదివామో, అంటే ఏడింటిలో కనీసం నాలుగేళ్ళు, ఆ జిల్లా వాళ్ళం అవుతాం. ఊళ్ళో 5వ తరగతి దాకా చదివి ఇక్కడికి వచ్చిన అమ్మాయి సికింద్రాబాద్‌లో ఉన్నా తన సొంత జిల్లా లెక్కలోకే వస్తుంది. కానీ ఆ ఊరి బడి కాగితం లేకపోతే ఎట్ల నిరూపిస్తుంది? మన ఊళ్ళలో కొన్ని బడులు పిల్లలు తక్కువై మూతపడుతున్నాయి కూడా. కాబట్టి ఈ దసరా సెలవులకు పోయినప్పుడే ఊరి బడి సారును అడిగి తెచ్చుకోండి.

కులం సర్టిఫికెట్: దీనికి 1993లో చేసిన చట్టం ఉంది. మీసేవలో దరఖాస్తు పెట్టుకుంటే రెవెన్యూ ఆఫీసు విచారించి ఇస్తుంది. 2022లో మన రాష్ట్రంలో ఎస్టీలకు రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. ఆ పది శాతంలో మన పేరు ఉండాలంటే ఈ కాగితం సీటు ఇచ్చే రోజుకు చేతిలో ఉండాలి. "రేపు తెస్తాను సార్" అంటే కుదరదు.

ప్రొవిజనల్, ఒరిజినల్ డిగ్రీ: డిగ్రీ పాస్ అయ్యాక ముందు ప్రొవిజనల్ ఇస్తారు. అసలు డిగ్రీ పట్టా తరువాత దరఖాస్తు చేసి తెచ్చుకోవాలి. వేరే యూనివర్సిటీకి పోతే మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు.

ఒరిజినల్స్ గురించి ఒక మాట. కాలేజీలు ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లో చెప్పింది. ఎక్కడైనా ఇవ్వక తప్పకపోతే ఏమేమి ఇచ్చామో రాసి, సంతకం, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి.

పేరు, పుట్టిన తేదీ - సరి చేసుకునే సమయం ఇదే

ఈ భాగం 9వ తరగతి వాళ్ళు రెండుసార్లు చదవండి. పదో తరగతిలో మన పేర్లు నామినల్ రోల్ అనే పట్టీలో రాసి బోర్డుకు పంపుతారు. అది బడి రిజిస్టరు చూసి రాస్తారు. అందులో ఉన్నదే మెమో మీద అచ్చు అవుతుంది. అచ్చు అయినాక మార్చడం చాలా కష్టం.

మన పేర్లతో ఒక ఇబ్బంది ఉంది. కుంజ, మడకం, ఆత్రం, బానోత్ లాంటి ఇంటిపేర్లు ఒకచోట ముందు రాస్తారు, ఒకచోట వెనక రాస్తారు, ఒకచోట ఒక్క అక్షరంతో సరిపెడతారు. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఆధార్‌లో ఒక తీరు, రిజిస్టర్‌లో ఒక తీరు. మనిషి ఒక్కతే, కాగితాల్లో ముగ్గురు! పుట్టిన తేదీ కూడా అంతే. మనలో ఎంతమందికి జూన్ నెలలో పుట్టినరోజు వస్తుందో లెక్కపెట్టండి. ఇంట్లో తేదీ రాసి పెట్టలేదు కాబట్టి బడిలో చేర్చిన రోజు సారు రాసిందే మన పుట్టినరోజు అయింది. అది ఏదైనా సరే, ఆధార్‌లో, రిజిస్టర్‌లో, కులం సర్టిఫికెట్‌లో ఒక్కటే ఉండాలి. తేడా ఉంటే ఈ ఏడాదే టీచరుకు చెప్పాలి.

అసలు కాలేజీ ఏది, ఉత్త బోర్డు ఏది?

మా ఊరి అక్క ఒకామె పది పాస్ అయ్యాక పట్నంలో ఒకచోట నర్సింగ్ అని చేరింది. గోడ మీద పెద్ద బోర్డు, తెల్ల కోటు, ఫీజు కోసం వాళ్ళ నాయన రెండు ఎద్దుల్లో ఒకటి అమ్మిండు. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు, బంగారు రంగు అంచుతో. దాన్ని తీసుకొని ఉద్యోగానికి పోతే, ఈ సంస్థకు గుర్తింపు లేదు, ఈ సర్టిఫికెట్ చెల్లదు అన్నారు. అక్క మళ్ళీ సర్కారు జూనియర్ కాలేజీలో ఒకేషనల్ ఇంటర్‌లో చేరింది. ఇప్పుడు చదువుతున్నది. కానీ రెండేళ్ళు, ఒక ఎద్దు తిరిగి రాలేదు.

అందుకని చేరే ముందు ఒక్క ప్రశ్న అడగాలి: "మీకు గుర్తింపు ఎవరు ఇచ్చారు?"

ఇంటర్ అయితే ఇంటర్మీడియట్ బోర్డు. పాలిటెక్నిక్ అయితే రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి, ఏ.ఐ.సి.టి.ఇ. నర్సింగ్ అయితే నర్సింగ్ కౌన్సిల్. డిగ్రీ అయితే యూనివర్సిటీ. 1956 యూజీసీ చట్టం ప్రకారం, చట్టం చేసి పెట్టిన యూనివర్సిటీలు, ప్రభుత్వం ఆ హోదా ఇచ్చిన సంస్థలు తప్ప వేరెవరూ డిగ్రీ ఇవ్వడానికి లేదు. దొంగ యూనివర్సిటీల పేర్లు యూజీసీ పట్టీ వేసి ప్రకటిస్తుంది. మన కంప్యూటర్ ల్యాబ్‌లో చూడవచ్చు. "గుర్తింపు వస్తుంది, దరఖాస్తు పెట్టాం" అంటే ఇంకా రాలేదనే అర్థం.

మనం చేయవలసిన పనులు

సికింద్రాబాద్‌లో ఉన్న మనకు ఒక సౌకర్యం ఉంది. ఇంటర్ బోర్డు నాంపల్లిలో, సాంకేతిక విద్యా మండలి, గిరిజన సంక్షేమ శాఖ ఆఫీసు మాసాబ్ ట్యాంక్‌లో ఉన్నాయి. సిటీ బస్సులో పోయి రావచ్చు. ఉట్నూరులో, భద్రాచలంలో చదివే మన తోటి పిల్లలు ఒక్క సంతకం కోసం రాత్రంతా ప్రయాణం చేయాలి. కాబట్టి ఇక్కడ తెలుసుకున్నది ఊరికి తీసుకుపోవడం మన బాధ్యత.

1. ప్రతి ఒక్కరూ ఒక ఫైలు పెట్టుకోవాలి. అందులో ఒరిజినల్స్ వేరు, జిరాక్సులు వేరు.
2. ఆధార్, కులం సర్టిఫికెట్, రిజిస్టర్ మూడింటిలో పేరు, తేదీ ఒక్కటేనా అని చూసుకోవాలి.
3. ఊరి బడి స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.
4. తెలియని కాగితం మీద సంతకం పెట్టవద్దు. చదివించుకొని పెట్టాలి.

వార్డెన్ మేడంకు ఒక మనవి. నామినల్ రోల్ పంపే ముందు మా అందరికీ రిజిస్టర్‌లో మా మా వరుస చూపించగలరు. ఒక్క ఆదివారం సరిపోతుంది. పేర్లు చదివి వినిపించే పని 9వ తరగతి వాళ్ళం చేస్తాం.

అడగందే అమ్మయినా పెట్టదు అంటారు. ఆఫీసులో అడగడానికి మనకు భయం, సిగ్గు. కౌంటర్ దగ్గర మనల్ని చూసి విసుక్కునే వాళ్ళు ఉంటారు. అయినా అడగాలి. ఆ నియమాలు మన కోసం కూడా రాసినవే. కష్టపడి చదివిన చదువు కాగితం దగ్గర ఆగిపోకూడదు.

ఈ వ్యాసంలో అర్థం కానిది ఉంటే సాయంత్రం స్టడీ అవర్ తరువాత నన్ను అడగండి. నాకు తెలియకపోతే ఇద్దరం కలిసి టీచరును అడుగుదాం.

- 9వ తరగతి విద్యార్థిని